అత్త పెట్టని సంతకం

నవంబరు నెలాఖరు, శుక్రవారం మధ్యాహ్నం. కాలిఫోర్నియా లోయలోని సాన్ లీనో ఊరిని పొగమంచు కమ్మేసింది. అడెలీనో సిల్వేరా ఇంటి వంటగదిలో అతనూ, అతని భార్య మేనకోడలు ఒడీలియా.

"తలుపు గడియ పెట్టావా?"

"పెట్టాను మావయ్యా."

"కిటికీ తెర?"

"బయట పొగమంచుకి నా బండే నాకు కనపడటం లేదు. మనల్నెవరు చూస్తారు?"

"అయినా లాగు."

"సరే, లాగాను. ఏమైంది? ఫోన్లో 'రా' అన్న ఒక్కమాట చెప్పి పెట్టేశావు. అత్తకేమైనా అయిందేమోనని యూనిఫారం మార్చుకోకుండా పరిగెత్తుకొచ్చాను."

"అత్త బాగానే ఉంది. ముందుగదిలో కునుకు తీస్తోంది. మెల్లగా మాట్లాడు."

"మరేమైంది?"

"కాఫీ తాగుతావా?"

"మావయ్యా."

"తీపి రొట్టె ఉంది. పక్కింటి మచాడోవాళ్ళ ఆవిడ పంపింది. వెన్న రాసి..."

"మావయ్యా, ఎందుకలా తలుపు వైపే చూస్తున్నావు?"

"గాలొస్తోందేమోనని. చలి."

"పొయ్యి దగ్గర నిలబడి చలా?"

"ఒడీ, నువ్వు అంబులెన్సులో తిరుగుతావు కదా. పోలీసులు నీకు తెలుసు కదా."

"తెలుసు. పక్క గదే వాళ్ళది."

"డెబ్బై తొమ్మిదేళ్ళవాణ్ణి జైల్లో పెడతారా?"

"ఎవర్ని?"

"ఎవరో ఒకణ్ణి. ఊరికే అడుగుతున్నా."

"ఏం చేశాడు వాడు?"

"ఏం చెయ్యలేదు. చేశాడనుకో. తెలీక చేశాడు. వాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. యాభై ఏళ్ళు ఆవులు పిండాడు. ఇంకేం తెలుసు వాడికి?"

"మావయ్యా, ఎవర్నైనా గుద్దేశావా? బండి తీశావా? ఈ మంచులో బండి తియ్యొద్దని ఎన్నిసార్లు..."

"బండి కాదు."

"మరి?"

"ఉత్తరం."

"ఏం ఉత్తరం? ఏదీ?"

"పిండి డబ్బాలో."

"పిండి డబ్బాలో ఏమిటి?"

"ఉత్తరం. అడుక్కి తొయ్యి చెయ్యి. ఇంకా కిందకి. మీ అత్త ఇప్పుడు పిండి కలపదు కదా, ఆ డబ్బా జోలికి రాదని అక్కడ పెట్టా."

"అయ్యో, చూడు, నిండా పిండి... ఇది ఎప్పుడొచ్చింది?"

"మొన్న."

"మొన్న అంటే?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది రోజులు! చదివావా?"

"చదివినంత చదివా. కింద నల్లటి అక్షరాల్లో ఒకటుంది చూడు. అబద్ధపు ప్రమాణం, శిక్ష అని. ఆ మాట నాకు తెలుసు. పౌరసత్వం ఇచ్చినప్పుడు జడ్జి చెప్పాడు. ఆ ఒక్కమాటా నాకు బాగా తెలుసు."

"ఆగు, ఆగు. నన్ను చదవనీ. 'ఫిలోమీనా సిల్వేరా గారికి. మీరు పోస్టులో పంపిన ఓటు కవరు మీదున్న సంతకం మా దగ్గరున్న మీ సంతకంతో సరిపోలలేదు...' ఓరి దేవుడా! ఆరో కవరు మీ ఇంటిదేనా?"

"అరవకు, అరవకు!"

"మావయ్యా, మూడు రోజుల్నించి స్టేషన్లో మేం నిద్రపోవట్లేదు. సంతకం కలవక ఆరు కవర్లు ఆగిపోయాయన్నారు. అయిదుగురు వెళ్ళి సరిచేసుకొచ్చారు. ఆరో మనిషి ఎవరో ఓట్లు లెక్కపెట్టే కౌంటీ ఆఫీసువాళ్ళు చెప్పరు. ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఇక్కడికి మాత్రం రాలేదు. మా అత్త ఇల్లు, వీళ్ళకి ఎందుకుంటుందిలే అనుకున్నా!"

"నీకు సంతోషంగా ఉందా?"

"సంతోషం కాదు, భయం. ఇవాళే ఆఖరు. సాయంత్రం అయిదింటికి ఆ ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఇప్పుడు టైమెంత?"

"మూడు కావస్తోంది. అయితే ఇది మీ పన్ను ఓటు గొడవేనా?"

"మా పన్ను ఏమిటి మావయ్యా, ఊరి పన్ను! ఏది కొన్నా డాలరుకి అర సెంటు ఎక్కువ. అది వస్తే ఫైర్ స్టేషనూ, అంబులెన్సూ ఉంటాయి. లేకపోతే జనవరి ఒకటిన మా తలుపుకి తాళం. నాకూ, ఇంకో పదకొండు మందికీ సెలవు. అంబులెన్సు కావాలంటే ఇరవై ఎనిమిది మైళ్ళ అవతల్నించి రావాలి."

"ఇలాంటి మంచులో?"

"ఇలాంటి మంచులో. కిందటి ఏడు పక్కూరు పాల డైరీలో ఒకతను యాభై నిమిషాలు నేలమీదే ఉన్నాడు. వాళ్ళు దారి వెతుక్కుంటూ వచ్చేసరికి చెయ్యడానికేం మిగల్లేదు."

"చెప్పొద్దులే. నాకు తెలుసు. దానికే నాకు నిద్ర పట్టదు. జులైలో టమాటా మొక్కల్లో పడినట్టు మీ అత్త మళ్ళీ పడిపోతే నేనొక్కణ్ణీ లేపలేను కదా. మీరు వస్తారన్న ధైర్యంతోనే ఉన్నా. ఇంతకీ గెలుస్తున్నారా, ఓడుతున్నారా?"

"ఆ అయిదూ కలిపి నిన్నటికి 'కావాలి' అన్నవాళ్ళు పదకొండు వందల ఇరవై ఆరు. 'వద్దు' అన్నవాళ్ళు పదకొండు వందల ఇరవై అయిదు."

"ఒక్క ఓటా!"

"ఒక్కటే. సమానమైతే ఓడినట్టే లెక్క. పన్ను వద్దంటున్న టైర్ల కొట్టు గాస్పర్ మళ్ళీ లెక్కించమని అర్జీ పెడతాడట. ఒక్క ఓటు అంటే ఎవరి చేతిలోంచి ఎటు జారుతుందో! రెండుంటే కాస్త ఊపిరి పీల్చుకుంటాం. అందుకే, అత్తది కూడా... సరే, ముందిది చెప్పు. మీ ఇద్దరి కవర్లూ తారుమారయ్యాయా? ఆమె కవరు మీద నువ్వూ, నీ కవరు మీద అత్తా పెట్టారా? ప్రతి ఇంట్లో జరిగేదే ఇది. రెండు నిమిషాల పని."

"తారుమారు కాలేదు."

"మరి?"

"నాది నేనే పెట్టా."

"ఆమెది?"

"రొట్టె తింటావా?"

"మావయ్యా! అత్త కవరు మీద సంతకం ఎవరు పెట్టారు?"

"ఆవిడ కుడిచెయ్యి పనిచెయ్యదు కదా. జులై నించి చెంచా కూడా పట్టుకోలేదు. ఎడం చేత్తో లోపల గడి నింపింది. ఎంతసేపు పట్టిందో! నన్ను పక్కకి పొమ్మంది, చూడొద్దంది. తనే మడిచింది, తనే కవర్లో దూర్చింది. నాలుకతో తడిపి మూసింది. ఇక సంతకం దగ్గర కలం జారిపోతోంది. 'రేపు పెడతాలే' అంది. రేపు అంటే ఓట్లు అయిపోతాయి..."

"నువ్వు పెట్టావు."

"ఆవిడ నిద్రపోయాక పెట్టా."

"ఆమె పేరు? నువ్వు?"

"వంటల పుస్తకంలో రాసుకున్న పేరు చూసి పెట్టా. నాలుగు కాగితాల మీద ముందు రాసి చూసుకున్నా. మొదటి అక్షరానికి తోక తిప్పుతుంది కదా, ఆ తోక నాకు కుదర్లేదు."

"అమ్మో, మావయ్యా..."

"ఏం తప్పు? యాభై ఏళ్ళు బ్యాంకులో, బళ్ళో, పాలకంపెనీలో నా సంతకం ఎవరు పెట్టారనుకున్నావ్? మీ అత్తే! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నేను ఆవిడది పెడితే ఉత్తరం వచ్చేసింది."

"అయితే నీ కవరు ఎలా దాటింది?"

"డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఆవిణ్ణి లోపలికి రానివ్వలేదు. అక్కడ మాత్రం నాదే ఉంది, ఓటువాళ్ళు చూసేది అదేగా."

"నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు నాకు."

"నవ్వకు. ఒడీ, నిజం చెప్పు. నన్ను తీసుకెళ్తారా? నా పౌరసత్వం లాక్కుని నేను పుట్టిన ద్వీపానికి పంపేస్తారా? అక్కడెవరున్నారు నాకు? పంపినా ఫర్వాలేదు, కానీ ఆవిణ్ణి ఎవరు చూస్తారు? కేల్ ఆకు సూపు మెత్తగా నలిపి పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది. రాత్రి రెండుసార్లు పక్కకి తిప్పాలి. అదెవరికి తెలుసు?"

"కూర్చో. ముందు కూర్చో. ఊపిరి తీసుకో."

"ఎవరు తలుపు కొట్టినా వాళ్ళే అనుకుంటున్నా. నిన్న మీటరు చూసేవాడు వస్తే పక్క కొట్టంలో దాక్కున్నా."

"మావయ్యా, నా మాట విను. నిన్నెవరూ తీసుకెళ్ళరు. ఓటు ఆమెదే. ఆమే వేసింది, ఆమే మూసింది. చెయ్యి పనిచెయ్యనివాళ్ళకి దారి ఉంది. ఉత్తరంతో వచ్చిన ఈ కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీస్తే చాలు. అదే సంతకం. పక్కన ఒక సాక్షి తన పేరు రాయాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. ఆ రోజు నన్నొక్క మాట అడిగి ఉంటే..."

"మరి నేను పెట్టిన సంతకం?"

"ఆమెకి చేత కాక భర్త పెట్టాడని ఆఫీసులో నేనే చెప్తా. కిటికీలో ఉండే ఆవిడ నాకు తెలుసు. ఇలాంటివి రోజూ చూస్తుంది."

"నువ్వు చెప్పొద్దు. చెప్తే రాసుకుంటారు."

"సరే, అడిగితేనే చెప్తా. అబద్ధం మాత్రం చెప్పను. పద, అత్తని లేపుదాం. ఈ మంచులో ఆఫీసు చేరడానికి నాకు గంటన్నర పడుతుంది."

"నేను పెట్టానని ఆవిడకి చెప్పకు."

"చెప్పకుండా ఎలా?"

"ఏదో ఒకటి చెప్పు. నాకు జడ్జికన్నా మీ అత్తంటేనే ఎక్కువ భయం."

ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో ఫిలోమీనా. మాటలు ఒక్కొక్కటిగా వస్తాయి.

"ఎవరూ?"

"నేనే అత్తా. ఒడీలియాని."

"యూని... ఫారం. నాకేమైంది?"

"నీకేం కాలేదు. ఊరికే వచ్చాను."

"ఊరికే... ఎవరూ రారు. ఆయన మొహం... చూడు. పిండి కొట్టుకుంది."

"రొట్టె చేద్దామని ఫిలో."

"నువ్వా?"

"అత్తా, ఒక చిన్న పని. ఈ కాగితం మీద ఎడం చేత్తో రెండు గీతలు గియ్యాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా."

"ఏం కాగితం?"

"నీ ఓటుది. కవరు మీద సంతకం కలవలేదట. ఇది ఇస్తే నీ ఓటు లెక్కలోకి వస్తుంది."

"ఇప్పుడు... లెక్కలో లేదా?"

"లేదు. పక్కన పెట్టారు."

"అయితే... పారెయ్."

"ఏమిటత్తా?"

"పారెయ్. అక్కర్లేదు."

"అదేంటే, అంత కష్టపడి నింపావు! నన్ను వంటింట్లోకి తరిమి మరీ..."

"నువ్వు మాట్లాడకు. ఒడీ, పారెయ్."

"అత్తా, విసుగొస్తోందా? అలిసిపోయావా? ఒక్క క్షణం పని. నేను చెయ్యి పట్టుకుంటా."

"పట్టుకోకు."

"సరే, పట్టుకోను. కానీ నీ ఓటు అత్తా. నువ్వు ఈ ఊళ్ళో ఒక్క ఎన్నిక కూడా మానలేదు. జ్వరంతో కూడా వెళ్ళావు, నాన్న చెప్పేవాడు. ఎవరి ఓటైనా సరే లెక్కలోకి రావాలి. మూడు రోజుల్నించి ప్రతి గుమ్మంలో ఇదే చెప్తున్నా. గాస్పర్ తమ్ముడి ఇంటికి కూడా వెళ్ళి చెప్పా. వాడేమేశాడో నాకు తెలీదా? అయినా చెప్పా."

"నేనేం వేశానో... అడగవా?"

"అడగను. అడక్కూడదు. అది నీది."

"అడగవు."

"అడగనత్తా."

"మంచి పిల్లవి. పారెయ్."

"ఫిలో, పెట్టవే. నీకు దణ్ణం పెడతా. పెట్టకపోతే వాళ్ళు వస్తారు!"

"ఎవరు?"

"ఎవరూ రారత్తా. మావయ్యా, నువ్వు కాస్త..."

"వస్తారు! వచ్చి నన్ను తీసుకెళ్తారు. ఆ సంతకం పెట్టింది నేను. నేనే, ఫిలో. నువ్వు నిద్రపోయాక. నీ వంటల పుస్తకం చూసి."

"నువ్వు... నా పేరు... రాశావా?"

"రాశాను."

"నా తోక... తిప్పావా?"

"తిప్పా. కుదర్లేదు."

"పాలబకెట్టు... కొక్కెంలా వచ్చుంటుంది."

"అలాగే వచ్చింది. నవ్వకే. తొమ్మిది రోజుల్నించి ఒక్క ముద్ద దిగట్లేదు నాకు. జైల్లో పెడితే నిన్నెవరు తిప్పుతారు రాత్రిపూట?"

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఇటు రా. ఏడవకు, ముసలాడా. ఒడీ... ఇది పెడితే ఈయన్ని వదిలేస్తారా?"

"పెట్టకపోయినా ఎవరూ ఏమీ చెయ్యరత్తా. నేనెంత చెప్పినా మావయ్య నమ్మట్లేదు."

"నమ్మడు. మళ్ళీ... కొట్టంలో దాక్కుంటాడు."

"నీకెలా తెలుసు ఫిలో?"

"కిటికీ ఉంది. కళ్ళు... బాగానే ఉన్నాయి. మీటరువాడే నవ్వుకున్నాడు. తీసుకురా... ఆ కలం."

"పెడతావా?"

"ఈయన కోసం. ఎక్కడ?"

"ఇక్కడ, ఈ గీత మీద. నెమ్మదిగా. కాగితం కింద ఈ పుస్తకం పెడతా. ఆఁ... ఒకటి అయింది. రెండోది దాని మీంచి అడ్డంగా. కలం జారనివ్వకు... అయింది. అయిపోయిందత్తా! పక్కన సాక్షిగా నా పేరు రాస్తున్నా. మావయ్యా, అయిపోయింది, చూడు."

"అయిపోయిందా? ఇక ఎవరూ రారా?"

"ఎవరూ రారు. వెళ్ళి నా బండి అద్దం తుడిచి దీపాలు వేసిపెట్టు. ఈ మంచులో తాళం కన్నం కూడా కనపడదు నాకు. ఇదిగో తాళాలు."

"తుడుస్తా, తుడుస్తా. ఫిలో, రొట్టె తింటావా? వచ్చి పెడతా. పాలల్లో నానబెట్టి."

"కోటు వేసుకుని... పో."

బయటి తలుపు మూసుకుంది.

"అత్తా, నేనూ వెళ్తాను. మూడున్నర అవుతోంది."

"ఉండు. ఒక్కమాట."

"చెప్పు."

"ఆ రోజు... టమాటా మొక్కల్లో. నా ఛాతీ నొక్కుతూ... నువ్వు పైకి లెక్కపెడుతున్నావు."

"నీకు వినపడిందా? నీ గుండె ఆగిపోయిందత్తా అప్పటికి. ఎలా వినపడుతుంది?"

"ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. నీ గొంతు. దూరంగా. నాకక్కడ... బాగుంది. ఎండ లేదు. నొప్పి లేదు. మా అమ్మ... రొట్టె వాసన. నువ్వు లాక్కొచ్చావు."

"కోపంగా ఉందా నా మీద?"

"కోపం కాదు. నువ్వు చెయ్యాల్సింది చేశావు. ఇది... భయం."

"దేనికి?"

"మళ్ళీ లాక్కొస్తావని. ఈసారి నోరు కూడా... ఉండదు. కళ్ళు ఉంటాయి. ఆయన తిప్పుతూ ఉంటాడు. ఎన్నేళ్ళు?"

"అత్తా, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరితో చెప్పను? ఆయనతోనా?"

"దానికొక కాగితం ఉంది. గులాబీ రంగుది. గుండె ఆగితే మళ్ళీ కొట్టించొద్దని నువ్వు చెప్తే డాక్టరు సంతకం పెడతాడు. ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాం. అది చూస్తే మేం ఛాతీ మీద చెయ్యి వెయ్యం. సోమవారం నేనే తెస్తాను. నేనే మావయ్యతో మాట్లాడతాను. సరేనా? ఇంక భయపడకు."

"నేను పడిపోతే... ఆయన ఫోన్ చేస్తాడు."

"చేస్తాడు. కాగితం ఉన్నా చేస్తాడు. తప్పదు."

"నువ్వొస్తావు."

"వస్తాను."

"తలుపు మీద గులాబీ కాగితం. నేలమీద నేను. ఆయన నీ కాళ్ళు పట్టుకుని... ఏడుస్తూ ఉంటాడు. నువ్వు చేతులు కట్టుకుని నిలబడతావా?"

"అలా అడగకత్తా."

"మీ నాన్న చెల్లెల్ని. నిలబడతావా?"

"నిలబడాలి. అది రూలు."

"రూలు కాదు. నువ్వు."

"నిలబడలేను. నా వల్ల కాదత్తా. చేతులు వాటంతటవే వెళ్ళిపోతాయి."

"తెలుసు. అందుకే, నువ్వు రాకుండా... ఆ కవర్లో 'వద్దు' అనే గడి నింపాను. పో తల్లీ, బండి దీపాలు వెలిగాయి. అయిదయిపోతుంది."